వైట్‌హాల్ అధ్యయనాలు

బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యాన్ని దశాబ్దాల తరబడి పరిశీలించిన రెండు పెద్ద పరిశోధనలను వైట్‌హాల్ అధ్యయనాలంటారు. లండన్‌లో మంత్రిత్వ శాఖల కార్యాలయాలుండే వీధి పేరే వాటికి స్థిరపడింది. ఆర్థిక, సామాజిక అసమానత ఒంటినీ మనసునూ ఎలా దెబ్బతీస్తుందో తెలిపే ఆధారాల్లో వీటిది ముఖ్య స్థానం.

మొదటి అధ్యయనాన్ని డొనాల్డ్ రీడ్, జెఫ్రీ రోజ్ తదితర వైద్య పరిశోధకులు 1967లో ప్రారంభించారు. సుమారు 18,000 మంది పురుష ఉద్యోగులను పరీక్షించి, ఆ తర్వాత వారిలో ఎవరు ఏ జబ్బుతో మరణించారో నమోదు చేస్తూ వచ్చారు. పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులకే గుండెపోటు ముప్పు ఎక్కువని అప్పట్లో చాలామంది నమ్మేవారు. లెక్కలు దానికి పూర్తిగా విరుద్ధంగా వచ్చాయి. పదేళ్ల వ్యవధిలో బంట్రోతులు, కాపలాదారులు ఉన్న అట్టడుగు శ్రేణిలో మరణాల రేటు ఉన్నత పాలనాధికారుల రేటుకు దాదాపు మూడు రెట్లు ఉంది.

ఇంతకన్నా ఆలోచింపజేసే విషయం మధ్య శ్రేణుల్లో కనిపించింది. గుమాస్తాల పరిస్థితి బంట్రోతుల కంటే మెరుగు, వారిపై ఉన్న అధికారుల కంటే హీనం. మంచి జీతం, సొంత ఇల్లు ఉండగల రెండో శ్రేణి అధికారులు కూడా మొదటి శ్రేణి వారికంటే ఎక్కువగా మరణించారు. వీరిలో నిరుద్యోగి లేడు, పస్తులున్నవాడు లేడు. ప్రభుత్వ వైద్యం అందరికీ ఉచితమే. పేదరికం వల్లనే జబ్బులు వస్తాయన్న వివరణ ఇక్కడ చాలదు. హోదా ఒక్కో మెట్టు తగ్గేకొద్దీ ఆరోగ్యమూ తగ్గే ఈ క్రమాన్ని ‘సామాజిక ప్రవణత’ అంటారు.

కింది శ్రేణుల్లో పొగతాగేవారు ఎక్కువన్నది నిజమే. అయితే పొగతాగని వారిలోనూ ఇదే క్రమం కనిపించింది. కొలెస్ట్రాల్ పై అధికారుల్లోనే కాస్త ఎక్కువ. పొగ, రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటి తెలిసిన కారణాలన్నీ కలిపినా గుండెజబ్బు మరణాల్లోని తేడాలో మూడో వంతుకు మించి వివరించలేకపోయాయి.

మిగిలిన కారణాలను వెతకడానికి మైకేల్ మార్మట్ నాయకత్వంలో 1985లో రెండో అధ్యయనం మొదలైంది. ఇందులో 20 శాఖలకు చెందిన 10,308 మంది చేరారు. వారిలో మూడో వంతు స్త్రీలు. ఈసారి రక్తపరీక్షలతో పాటు పని తీరు గురించీ ప్రశ్నలు వేశారు: ఏ పని ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే వీలుందా, పై అధికారి న్యాయంగా చూస్తారా, పడ్డ శ్రమకు తగిన గుర్తింపు దక్కుతోందా? సొంత పనిపై అదుపు లేనివారిలో గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది, మానసిక కుంగుబాటూ ఎక్కువే. శ్రేణుల మధ్య తేడాలో పెద్ద భాగాన్ని ఈ అదుపులేమే వివరించింది. పై అధికారి న్యాయంగా వ్యవహరిస్తారని భావించిన వారికి గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉంది. పురుషుల్లో అనారోగ్య సెలవుల రేటు అట్టడుగు శ్రేణిలో అగ్రశ్రేణి కంటే ఆరు రెట్లు ఉంది.

ఉద్యోగ భద్రత గురించి కూడా ఈ పరిశోధన విలువైన ఆధారం ఇచ్చింది. పరిశీలనలో ఉన్న ఒక శాఖను ప్రైవేటుపరం చేస్తారని తెలిశాక, ఉద్యోగాలు ఇంకా పోకముందే అక్కడివారు తమ ఆరోగ్యం దిగజారినట్లు తెలిపారు. భయం ఒక్కటే అంత పని చేసింది.

మనసులోని ఒత్తిడి గుండెను చేరే దారిలో హార్మోన్ల పాత్ర ఉంది. ప్రమాదం ఎదురైనప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ పెరగడం శరీరాన్ని కాపాడే ఏర్పాటు. ఆ స్థితి రోజుల తరబడి కొనసాగితే రక్తపోటు పెరుగుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, రక్తం త్వరగా గడ్డకడుతుంది. ఆఫీసులో ఉన్నంతసేపూ పై, కింది శ్రేణుల వారి రక్తపోటు దాదాపు సమానంగానే ఉండేది. ఇంటికి చేరాక పై అధికారులకు అది బాగా తగ్గేది, కింది ఉద్యోగులకు అంతగా తగ్గేది కాదు. పనివేళలు ముగిసినా వారి శరీరానికి విశ్రాంతి దొరకలేదన్నమాట.

ఈ నిర్ధారణలపై విమర్శలూ ఉన్నాయి, వాటిలో కొన్ని బలమైనవే. కింది శ్రేణి వారు సగటున పొట్టిగా ఉండేవారు. వారి బాల్యంలోని పోషణ లోపానికి ఇది గుర్తు. అంటే తేడాకు బీజం ఉద్యోగంలో చేరకముందే పడి ఉండవచ్చు. 2010లో వెలువడిన ఒక విశ్లేషణ పొగ, మద్యం, ఆహారం, వ్యాయామం వంటి అలవాట్లను ఒక్కసారి కాక పలుమార్లు నమోదు చేసి లెక్కించింది. అప్పుడు మరణాల తేడాలో 72 శాతం వరకూ అలవాట్లతోనే వివరించగలిగింది. అయినా ఆ అలవాట్లు కింది శ్రేణుల్లోనే ఎందుకు పాతుకుపోతాయన్న ప్రశ్న మళ్లీ అసమానత దగ్గరికే తీసుకొస్తుంది.

మార్మట్ అధ్యక్షతన, అమర్త్య సేన్ కూడా సభ్యుడిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో నివేదిక ఇచ్చింది. ఆరోగ్య అసమానతలకు మూలాలు ఆదాయం, చదువు, పని, నివాసాల్లో ఉన్నాయని అది పేర్కొంది. 2010లో ఇంగ్లండ్ కోసం మార్మట్ రూపొందించిన సమీక్ష, సేవలు అందరికీ అందాలనీ, అవసరం ఎక్కువున్న చోట ఎక్కువగా అందాలనీ సూచించింది. పదేళ్లకు వచ్చిన మలి సమీక్ష ప్రకారం అక్కడ ఆయుర్దాయంలో పెరుగుదల దాదాపు ఆగిపోయింది. లండన్ వెలుపల అత్యంత వెనుకబడిన ప్రాంతాల స్త్రీలలో అది తగ్గింది కూడా.