గట్టు మీద బుల్లెట్టు

మా భీమడోలు వైపు బుల్లెట్టంటే ముందు పని బండి, ఆ తర్వాతే షోకు. ఇంగ్లండు రెడ్డిచ్ నుంచి ఓడల్లో దిగే ఆ బండిని ఇక్కడే తయారు చేసేందుకు 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మా నాన్న తన పాత బుల్లెట్టు మీద తవుడు బస్తాలు వేసుకుని కొల్లేటి చేపల చెరువుల గట్లెంట తిరిగేవాడు. దాని హ్యాండిలు పొట్టిది, ఇంచుమించు తిన్ననిది. తుమ్మకంపల సందులోంచి కూడా ఇట్టే దూరిపోయేది. రబ్బరు పిడులు ఆయన అరచేతుల అచ్చుకు అరిగి ఉండేవి. వాటిని ఇప్పటికీ దాచుకున్నాను.

2001లో బజాజ్ ఎలిమినేటరు, మరుసటేడు థండర్‌బర్డు వచ్చాక కుర్రాళ్ల కళ్లు వాటి ఎత్తు హ్యాండిళ్ల మీద పడ్డాయి. నేనూ నా బండికి ఒకటి వేయించాను. మెకానిక్కు పాత క్లచ్ వైరే ఉంచేశాడు. గట్టు మలుపులో హ్యాండిలు పూర్తిగా తిప్పేసరికి వైరు బిగుసుకుని క్లచ్ దానంతటదే పట్టు వదిలింది. ఇంజను అరుస్తోంది, బండి మాత్రం కదలదు. పక్కనే నిండు చెరువు.

2006లో కొల్లేటి చెరువుల గట్లు కొట్టేశారు. నాన్న తిరిగిన గట్టూ పోయింది. ఇప్పుడు నా తిరుగుడంతా ఏలూరు, తాడేపల్లిగూడెం హైవే మీదే. అక్కడికి ఈ ఎత్తు హ్యాండిలే హాయి.

మీరూ మారుస్తుంటే, హ్యాండిలును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. వైరు బిగుసుకుంటే పొడుగుది వేయించాకే రోడ్డెక్కండి.