కులం గడిలో ఊరి చరిత్ర

మా ఇబ్రహీంపూర్ పేరు బయటి లోకానికి తెలిసింది 2016లో. పెద్ద నోట్లు రద్దయిన ఆ చలికాలంలో చేతిలో నగదు లేకుండా కొనుగోళ్లు సాగించే ఊరని పత్రికలు రాశాయి. గుట్ట మీద తవ్విన కందకాలు, ఇళ్ల ముందు ఇంకుడు గుంతలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. సిద్దిపేట జిల్లా పుట్టింది కూడా ఆ ఏడాదే, అక్టోబర్ 11న. అందుకే ఊరి చరిత్ర చెప్పమంటే చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. అంతకంటే వెనక్కి వెళ్లాలనుకునే వాళ్లు పహాణీలు పట్టుకుంటారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తెలంగాణలో ఏ ఊరికైనా మూలగ్రంథం లాంటిది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎన్ని ఎకరాలు, తరీ (మాగాణి) ఎంత, ఖుష్కీ (మెట్ట) ఎంత అన్నీ అందులో ఉంటాయి. చిక్కల్లా ఒకటే. అది భూమి ఉన్నవాళ్ల పుస్తకం. చెరువు నీళ్లు వదిలే నీరడి మాన్యమో, ఊరి కావలి కాసే సేత్‌సింధీ మాన్యమో ఒక చెక్క ఉన్న కొద్దిమందిని పక్కన పెడితే, దళిత వాడల జనం అందులో కనిపించరు. దున్నింది వాళ్లే, నాటింది వాళ్లే, గట్లు వేసింది వాళ్లే అయినా పట్టాదారు గడిలో వాళ్ల పేరు లేదు. ఓటర్ల జాబితాల్లో పేర్లు వచ్చాయి గానీ అవి మారిపోతూ ఉండే కాగితాలు. భూమి లేని కుటుంబంలో ఒక మనిషి ఊళ్లో బతికాడని, తండ్రి పేరుతో, ఊరి పేరుతో, తేదీతో శాశ్వతంగా రాసి ఉంచిన పుస్తకం ఒక్కటే: బడి అడ్మిషన్ రిజిస్టర్. ఊరి చరిత్ర రాయదలచిన వాళ్లు ముందు కాపాడుకోవాల్సింది దాన్నేనని నా వాదన. ఆ పని చేయాల్సింది కూడా ఊరే.

ఆ పుస్తకంలో దళిత పిల్లవాడి పేరు ఒక వరుసగా పడటానికి వెనక ఎంత జరిగిందో తలచుకుంటే ఈ మాట అతిశయంగా అనిపించదు. 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు పది శాతానికి లోపే. అదీ పట్నాలను, పై కులాలను కలుపుకొని వచ్చిన లెక్క. పాలన ఉర్దూలో, ఊరి మాట తెలుగులో, అధికారం పటేలు పట్వారీల చేతుల్లో. వెట్టి చేసే ఇంట్లో పిల్లవాణ్ణి బడికి పంపడమంటే దొర పశువుల దగ్గర ఒక మనిషిని తగ్గించడమే. ఆ జనగణనకు నాలుగు దశాబ్దాల ముందే, 1910లో, హైదరాబాద్‌లోని ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో దళిత పిల్లల కోసం బడులు తెరిచాడు భాగ్యరెడ్డి వర్మ. 1888 మే 22న పుట్టిన మాదరి భాగయ్య ఆయనే. బారిస్టర్ డాస్ సాంటోస్ ఇంట్లో పనిచేస్తూ పెద్దవాడయ్యాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో జనాన్ని కూడగట్టాడు. ఆ తర్వాతే బడులకు పూనుకున్నాడు. ఈ వరుస గమనించాల్సింది. ముందు జనం ఒకచోట చేరారు, తర్వాత బడి వచ్చింది. 1930ల మొదటికల్లా ఆ బడులు 26 అయ్యాయి, సుమారు 2,500 మంది పిల్లలు వాటిలో చదివారు. జస్టిస్ రాయ్ బాలముకుంద్, కేశవరావు కోరట్కర్ వంటి పై కులాల పెద్దలూ తోడ్పడ్డారు, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ బడికి పిల్లల్ని పంపే గుండె ఆ వాడలదే.

తర్వాత ఆ బడులను నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అది గెలుపే. 1920ల నడిమి నుంచి ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న రాజ్యంలో, దళితులు నడిపిన బడులకు సర్కారే జీతాలిచ్చే స్థితి రావడం చిన్న సంగతి కాదు. అయితే ఆ గెలుపులోనే ఒక నష్టం కూడా ఉంది. సర్కారు బడుల్లో కలిసిన బడి తన పేరు పోగొట్టుకుంటుంది. ఫలానా వాడ వాళ్లు నిలబెట్టిందన్న సంగతి ఏ ఫైల్లోనూ మిగలదు. ఇవాళ భాగ్యరెడ్డి వర్మ జయంతి నాడు 26 బడులన్న అంకె అందరూ చెబుతారు. ఆ అంకె లోపలి పిల్లల్లో ఒక్కరి పేరైనా ఏ వేదిక మీదా వినపడదు. ఉన్న చరిత్ర ఎలా మిగిలిందో చూడండి. భాగ్యరెడ్డి వర్మ కాలపు దళితోద్యమంలో నడిచిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్’ రాయకపోతే హైదరాబాద్ దళితోద్యమం గురించి మనకు తెలిసిన దాంట్లో సగం తెలిసేది కాదు. చాదర్‌ఘాట్‌లో ఆ ఉద్యమపు సంఘ భవనానికి ఆది హిందూ భవన్ అన్న పేరు నిలబడి ఉండకపోతే మిగతా సగమూ నాయకుల పేర్ల పట్టికగా కుదించుకుపోయేది. కాపాడిన చేతులు ఆ జాతివే, కాపాడిన కొద్దీ మిగిలింది.

ఇదే కథ అమెరికాలో మరింత పెద్ద కొలతలో నడిచింది. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ల బడుల గడప తొక్కే వీలు లేని నల్లజాతి పిల్లల కోసం 1912 నుంచి 1932 దాకా 15 రాష్ట్రాల్లో దాదాపు 5,000 బడులు లేచాయి. టస్కీగీలో నల్లజాతి విద్యాసంస్థ నడిపిన బుకర్ టి. వాషింగ్టన్ ఆలోచనకు సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ డబ్బు తోడైంది, అందుకే వాటిని రోజెన్‌వాల్డ్ బడులన్నారు. లెక్క తీస్తే మాత్రం ఆ పేరు కొంచెం అన్యాయంగానే తోస్తుంది. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లు. పత్తి చేలల్లో కూలి చేసుకునే నల్లజాతి కుటుంబాలు పోగుచేసింది 47 లక్షలకు పైనే. 1954లో బ్రౌన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వేరు బడులు చెల్లవని తేలాక, ఏళ్ల మీద అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. పిల్లలు తెల్లవాళ్ల బడులకు వెళ్లారు, వేలమంది నల్లజాతి ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి, భవనాలు గడ్డివాములయ్యాయి. 2002లో అక్కడి చారిత్రక పరిరక్షణ సంస్థ వాటిని అంతరించిపోతున్న కట్టడాల జాబితాలో చేర్చింది. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే పూర్వ విద్యార్థులు, చర్చి సంఘాలు తమ ఊరి బడిని తామే బాగుచేసుకుని సమావేశ మందిరాలుగా, మ్యూజియంలుగా మార్చుకోవడం మొదలుపెట్టారు. పాతవాళ్ల ఫోటోలు గోడలకెక్కాయి, హాజరు పట్టీలు అద్దాల పెట్టెల్లోకి వెళ్లాయి. మనకూ వాళ్లకూ ఈ చుట్టరికం కొత్తగా కలుపుతున్నది కాదు. జోతిరావు ఫూలే 1873లోనే తన ‘గులాంగిరి’ని బానిసత్వం తెంచిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

మళ్లీ రిజిస్టర్ దగ్గరికి వద్దాం. ఎర్రగుడ్డ అంచు కుట్టిన అట్ట, వెడల్పాటి పేజీ, అడ్డంగా గడులు: అడ్మిషన్ నంబర్, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, వృత్తి, కులం, పుట్టిన తేదీ, చేరిన తరగతి, మానేసిన తేదీ, మానేసిన కారణం. వీటిలో కులం గడి ఒక్కదాన్నే పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఒక శతాబ్దపు పోరాటం కనిపిస్తుంది. మద్రాసు రాజ్యంలో పంచములు అని రాసేవాళ్లు. 1917 నవంబరులో విజయవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన కూడిన సభ ఆ పేరు మాకొద్దంది, మేం ఆది ఆంధ్రులమంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ మాటను ఒప్పుకుంది. హైదరాబాద్‌లో ఆ తిరస్కారం ఆది హిందూ రూపంలో వచ్చింది, 1931 జనగణనకు ఆ పేరూ ఎక్కింది. తర్వాత హరిజన అన్న మాట, దాని మీదా అభ్యంతరాలు, చివరికి ఎస్సీ అన్న రెండక్షరాలు. ఒక హెడ్మాస్టరు కలం పాత మాట కొట్టేసి కొత్త మాట రాసిన చోట, లేదా మొండిగా పాత మాటే రాస్తూ పోయిన చోట, రాజధానిలో చేసిన తీర్మానం ఊరిదాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో కొలవొచ్చు. పుట్టిన తేదీ గడి కూడా ఊరికే చూసి వదిలేసేది కాదు. ఒకే ఏడాది చేరిన పదిమంది పిల్లలూ ఒకే తేదీన పుట్టినట్టు ఉంటే, ఆ ఇళ్లలో పుట్టుకకు కాగితం లేదనీ, అయ్యవారు ఉజ్జాయింపుగా ఒక తేదీ వేశారనీ అర్థం. ఆ తేదీతోనే వాళ్లు ఉద్యోగాలు చేశారు, ఆ తేదీతోనే రిటైరయ్యారు.

కులం గడిని తవ్వి తీయడం దేనికి, మానిన గాయాన్ని కెలకడమే కదా అని అడిగేవాళ్లున్నారు. వేరు బడులు, వేరు హాస్టళ్లు వివక్షకు గుర్తులు, వాటిని మరిచిపోతేనే అందరం ఒకటవుతామన్నది వాళ్ల మాట. ఈ మాట చెడ్డ మనసుతో అన్నది కాదు కాబట్టి జవాబు కూడా జాగ్రత్తగానే చెప్పాలి. ఆ బడులు వేరుగా ఉండాలని కోరుకుని పుట్టినవి కావు, రానివ్వని తలుపు ముందు పుట్టినవి. 1930లో మా పాత మెదక్ జిల్లాలోని జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభలోనే భాగ్యరెడ్డి వర్మ మాట్లాడతానంటే ప్రతినిధుల్లో కొందరు అడ్డుచెప్పారు. తెలుగు భాష కోసం, తెలుగువాళ్ల హక్కుల కోసం పెట్టుకున్న సభలో ఆ సంగతి జరిగింది. దాన్ని చెప్పకుండా ఆంధ్ర మహాసభ చరిత్ర చెబితే సభ గౌరవం పెరగదు. అభ్యంతరాన్ని దాటి ఆయన్ని సమర్థించినవాళ్లూ అక్కడే ఉన్నారు, వాళ్ల మాటా పోతుంది. మరుపు అందరికీ సమానంగా రాదు. దొరల గడీలు, వంశవృక్షాలు, శాసనాలు ఎలాగూ మిగులుతాయి. మరిచిపోదాం అన్నప్పుడల్లా పోయేది కాగితం తక్కువున్న వాళ్ల సంగతే.

మరో అభ్యంతరం దీనికంటే పట్టున్నది. హైదరాబాద్‌లో నడిచిన బడుల కథకూ, సిద్దిపేట పక్కనున్న ఇబ్రహీంపూర్‌కూ పొంతనేమిటి, ఇదంతా పురావస్తు శాఖో విద్యాశాఖో చూసుకోవాల్సిన పని కదా అని. సర్కారు చేతికి వదిలేస్తే ఏమవుతుందో పుణెలో భిడే వాడా చెబుతుంది. 1848లో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి పెట్టిన ఇల్లది. దేశమంతా దాని పేరు తలుస్తుండగానే అది దశాబ్దాలు శిథిలమవుతూ వచ్చింది, కోర్టు కేసుల్లో నానింది, చివరికి 2023 డిసెంబరులో స్మారకం కట్టడానికని పూర్తిగా కూల్చేశారు. కొత్త స్మారకం లేవవచ్చు, సావిత్రీబాయి నిలబడి పాఠం చెప్పిన గోడ మాత్రం తిరిగి రాదు. దేశానికంతటికీ తెలిసిన ఇంటి గతే అదైతే, ఒక పల్లె బడి బీరువాలోని పుస్తకం కోసం ఏ శాఖ వస్తుంది? పొంతన సంగతంటారా, గురుకులాలూ సాంఘిక సంక్షేమ హాస్టళ్లూ గాలిలోంచి రాలేదు. 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం తెరిచిన ప్రభుత్వానికైనా, దళిత పిల్లల చదువు ప్రభుత్వ బాధ్యత అని ఒప్పించి పెట్టింది అంతకు అరవై ఏళ్ల ముందు మొదలైన ఆ వాడల బడులే. అలా ఒప్పించిన ఫలితం ఏ ఊళ్లో ఏ ఏడాది కనిపించిందో చెప్పేది ఆ ఊరి రిజిస్టర్.

రిజిస్టర్ హెడ్మాస్టరు కస్టడీలో ఉండే శాశ్వత రికార్డు, ఎవరూ ఇంటికి పట్టుకుపోవడానికి లేదు, పోకూడదు కూడా. కావలసింది దాని ప్రతి. బడి కమిటీ అనుమతితో పేజీ పేజీ ఫోటో తీసి, ఒక ప్రతి గ్రామపంచాయతీలో, ఒకటి జిల్లా గ్రంథాలయంలో ఉంచడానికి ఖర్చు పెద్దగా లేదు. నిజాం కాలపు పేజీలున్న చోట తేదీలు నిజాం సర్కారు వాడిన ఫస్లీ లెక్కలో, నెలలు ఆజర్, దై, బహమన్ అని ఉర్దూలో ఉంటాయి. ఫస్లీ ఏడాదికి 590 కలిపితే 1355 అన్నది 1945-46గా తేలుతుంది గానీ, ఆ లిపి చదివే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు, కాబట్టి ముందు వాటికే కూర్చోవాలి. బతికున్నవాళ్ల కులం, పుట్టిన తేదీ బజారున పెట్టకూడదన్నది న్యాయమైన జంకు. పాత తరం పేజీలు అందరికీ, ఇటీవలివి ఆ కుటుంబానికి మాత్రమే అని గీత గీసుకుంటే సరిపోతుంది. దొరలు పెట్టిన ఎగతాళి పేర్లు, సగం విరిచి పిలిచిన పేర్లు కనిపిస్తాయి, వాటిని దిద్దకుండా ఎలా ఉంటే అలాగే ఎత్తి రాసుకుని, పక్కన ఇంటివాళ్లు పిలుచుకున్న అసలు పేరు చేర్చాలి. ఆ పక్కన రాసే పని వాడలోని ముసలివాళ్లు తప్ప ఎవరూ చేయలేరు, వాళ్లను కూర్చోబెట్టి అడగడమే ఇందులో అసలు శ్రమ. 2022లో ‘మన ఊరు - మన బడి’ పేరుతో తెలంగాణ అంతటా బడులకు మరమ్మతులు మొదలయ్యాయి. రంగులు మారాయి, బల్లలు వచ్చాయి. ఎక్కడ మరమ్మతు జరిగినా పాత బీరువా ఖాళీ చేసే రోజు ఒకటి ఉంటుంది, ఆ సాయంత్రం పాత కాగితాలు కొనే బండి గేటు దగ్గర ఆగుతుంది. బండి రాకముందే కూర్చోవాలి.

కూర్చున్నప్పుడు చివరి గడిని మాత్రం వదలొద్దు. పై తరగతికి వెళ్లినవాళ్ల పేర్లు ఎవరైనా వెతుక్కుంటారు, ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫోటోలు బడి గోడ మీదికి వాటంతటవే వస్తాయి. ఒకటో తరగతిలో చేరి నాలుగు నెలలకే ఆగిపోయిన పిల్లకూ ఒక నంబరుంది, తండ్రి పేరుంది, మానేసిన కారణం గడిలో తమ్ముణ్ణి ఎత్తుకోవడానికనో, పశువుల వెంట పోయిందనో అయ్యవారు రాసిన ఒక ముక్క ఉంటుంది. 26 బడుల లెక్కలోనైనా, ఒక ఊరి బడి లెక్కలోనైనా ఎక్కువమంది అలాంటివాళ్లే.