గోదావరి దాటి వచ్చిన వృద్ధులు

ఓరుగంటి చరిత్రమును చదువువారు 1323వ సంవత్సరముతో పుస్తకమును మూసివేయుట వాడుక. ఆ యేట ప్రతాపరుద్రుడు ఢిల్లీ సైన్యమునకు చిక్కెను. కోట కూలెను. కాని కాకతీయ వృక్షపు కొమ్మ యొకటి గోదావరి దాటి పోయినది. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి యుత్తరపు టడవులలో ప్రవేశించి బస్తరు రాజ్యమును స్థాపించెనని ఆ వంశమువారు చెప్పుకొనిరి. దంతేవాడలో దిక్పాలదేవుని కాలమున, 1703లో, చెక్కబడిన శాసనమునందును ఈ వంశకథయే కానవచ్చును. రాజు గనుక మనము వలస యనము, రాజ్యస్థాపన మందుము. నిజమునకు అన్నమదేవుడు యుద్ధభయమున నదిని దాటిన కాందిశీకుడే.

ఆయన పోయిన త్రోవనే, ఇంచుమించు 700 సంవత్సరములకు, మఱికొందఱు తిరిగి యిటు వచ్చిరి. వీరు రాజులు కారు. బస్తరు మన్నెములోని మురియా, దొర్ల తెగలవారు. వారిని మన జిల్లాలలో గొత్తికోయ లందురు. వారిలోని ముదుసలివారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నా యుద్దేశము. పడుచువారిని గూర్చి పత్రికలు అప్పుడప్పుడు వ్రాయుచున్నవి. వృద్ధులను గూర్చి వ్రాసినవారు అరుదు.

మిరపకాయ కోతకును తునికాకు సేకరణమునకును బస్తరు కూలీలు గోదావరి దాటి వచ్చుట పాత సంగతియే. కోత ముగియగనే వారు మరలిపోయెడివారు. 2005 జూన్ నెలలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణభాగమున మావోయిస్టులకు ప్రతిగా సల్వాజుడుం అను దండు బయలుదేరినది. ఒకవైపు వీరు, ఒకవైపు వారు, నడుమ పల్లెజనము. దంతేవాడ ప్రాంతమున 644 గ్రామములు ఖాళీయైనవని న్యాయస్థానమునకు వెళ్లినవారు చెప్పిరి. కొందఱిని బాటప్రక్క శిబిరములకు తోలుకొనిపోయిరి. శిబిరము వలదనుకొన్నవారు చేతికందిన కుండయు గొడ్డలియు పట్టుకొని, నడువలేని తలిదండ్రులను మోసికొని, దక్షిణమునకు సాగిరి. 2011 జూలై 5వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ దండునకు ఆయుధము లిచ్చుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. ఆ తీర్పు చెప్పిన యిరువురిలో నొకరు మన తెలుగువారైన న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డిగారు. అప్పటికే ఆఱేండ్లు గడచినవి. పోయినవారు మరలిపోవుటకు ఇండ్లు లేవు.

అట్లు వచ్చినవారు తాడ్వాయి, ఏటూరునాగారము, భూపాలపల్లి అడవులలోను, మా మహబూబాబాదు వైపున గంగారము, కొత్తగూడ దిక్కునను, దిగువను భద్రాచల ప్రాంతమునను గుడిసెలు వేసికొనిరి. పది యిండ్లు, ఇరువది యిండ్లు గల గూడెములు. త్రాగుట కొక వాగు, లేదా చెలమ.

ఈ ముసలివారికి స్వగ్రామమున నే యాదరువు ఉండెడిదో తెలిసిననే వారు పోగొట్టుకొన్న దేమో తెలియును. మన్నెములో వార్ధక్యమునకు వేఱుగా నొక సంస్థ లేదు. ఊరే సంస్థ. ఈ యిప్పచెట్టు ఈ యింటివారిదని ఊరెల్ల నెఱుగును. వేసవిలో తెల్లవాఱకముందే ముసలమ్మ గంప పట్టుకొని ఆ చెట్టుక్రిందికి పోవును. రాలిన పువ్వు నేరుటకు బలము పనిలేదు, ఓపిక చాలును. ఎండబెట్టిన యిప్పపువ్వు సంతలో ఉప్పుగను బట్టగను మారును. చింతపండు, చీపురుపుల్లలు, చేనికావలి, పసిపిల్లల కాపుదల, ఇవన్నియు వృద్ధుల పనులు. తగవు వచ్చినప్పుడు వారి మాటయే చెల్లును, ఏ గట్టు ఎవరిదో వారికే జ్ఞాపకము గనుక. ముదుసలివారు ఇంటికి బరువను తలంపు అచట పుట్టుట కవకాశము తక్కువ.

నది దాటిన పిమ్మట ఇవన్నియు నొక్కసారి పోయినవి. ఇచటి యిప్పచెట్లు ఇచటి కోయలవి. న్యాయమే కదా! గట్టుల జ్ఞాపకము ఈ నేలపై చెల్లదు. జనవరి మొదలు ఏప్రిల్ వఱకు కొడుకులును కోడండ్రును మిరపతోటలలో కోతకు పోవుదురు. గూడెములో మిగులువారు పసిపిల్లలును ముదుసలివారును. కూలి వచ్చిన దినమున కూడు, రాని దినమున గంజి. మొదట పిల్లలు, పిమ్మట పనిచేయువారు, కడపట వృద్ధులు: ఈ వరుసను ముసలివారే యేర్పఱచుకొందురు.

ఇంక ప్రభుత్వ సహాయమును గూర్చి. మన దేశమున వృద్ధులకు ఏర్పాట్లు లేకపోలేదు. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము జాతీయ వృద్ధాప్యపు పింఛనును ఆరంభించినది. ఆ పింఛనునకు అర్హులై యుండియు పొందలేనివారికి నెలకు 10 కిలోల ధాన్యమిచ్చు అన్నపూర్ణ పథకము 2000లో వచ్చినది. అదే యేడు నిరుపేదల కొఱకు అంత్యోదయ యన్నయోజన వచ్చినది. 2007 నాటి చట్టము తలిదండ్రుల పోషణమును బిడ్డల విధిగా చేసి, జిల్లాకొక వృద్ధాశ్రమముండవలెనని తలచినది. తెలంగాణ రాష్ట్రమున 2014 నవంబరులో ఆసరా పింఛను నెలకు 1000 రూపాయలుగా మొదలై, 2019లో 2016 రూపాయలైనది. వీనిని తక్కువచేసి మాటలాడుట తగదు. నేనెఱిగిన పల్లెలలో ఆ సొమ్మువలన కోడలి యెదుట తలయెత్తుకొన్న యత్తలు పెక్కురు గలరు.

కాని ఆ సొమ్ము చేతికి వచ్చు విధ మెట్టిది? ఆధార్ చీటి కావలెను. వయస్సును తెలుపు ఓటరు చీటియో మఱియొకటియో కావలెను. ఖాతాపుస్తకము కావలెను. పంచాయతి కార్యదర్శి వీరు మా గ్రామవాసులని వ్రాయవలెను. ఇవి కుదిరిన పిమ్మట తపాలా కచేరిలో వ్రేలిముద్ర సరిపడవలసి యుండెడిది. ఏబదేండ్లు గొడ్డలిపిడి పట్టిన వ్రేళ్లకు గీతలు మిగులునా? గొత్తికోయలలో కొందఱికి ఆధార్ చీట్లు, ఓటరు చీట్లు వచ్చినవి. రానివారు పెక్కురు, వారిలో ముసలివారే హెచ్చు. పడుచువాడు పనికొఱకు పదిసారులు కచేరికి తిరుగును. ముసలివాడు ఒకసారి పోయి పని కాకున్న మరల పోడు. ఆధార్ అను మాట మన ఆధారమే. అది లేనివానిని నిఘంటువు నిరాధారు డనును. భాష ఒక్కొక్కప్పుడు తెలియకయే నిజము పలుకును.

వయస్సు మాట వచ్చినది గనుక నొకటి చెప్పెదను. గంగారము దాపున నొక వృద్ధుని నీ వయస్సెంత యని యడిగితిని. దుబాసిగా నున్న పిల్లవాడు కోయభాషలో నడిగి, "రాజును చంపిన యేట మేకలు కాచుచుంటినని తాత చెప్పుచున్నా" డనెను. చరిత్ర యెఱిగినవానికి ఈ మాట జన్మపత్రిక కన్న గట్టిది. బస్తరు రాజు ప్రవీరచంద్ర భంజదేవుడు జగదల్‌పూరు కోటలో పోలీసు కాల్పులకు గూలినది 1966 మార్చి 25న. మేకలు కాచు పిల్లవాని కేడెనిమిదేండ్లుండవలెను. లెక్క వేయుట కెంతసేపు? కాని యే దరఖాస్తులోను రాజును చంపిన యేడు అను గడి లేదు.

ఆదివాసులకు చట్టమిచ్చిన రక్షణ వీరికేల లేదని శ్రోతలు అడుగవచ్చును. ఇందొక చిత్రమైన చిక్కు గలదు. ఛత్తీస్‌గఢ్‌లో మురియాలును దొర్లలును గోండుల శాఖలుగా షెడ్యూల్డు తెగల పట్టికలో నున్నారు. నది దాటగనే ఆ హోదా ఆవలి గట్టుననే నిలిచిపోవును. ఒక రాష్ట్రపు తెగవాడు మఱియొక రాష్ట్రమునకు పోయిన ఆ హక్కు వెంటరాదని 1990లో సర్వోన్నత న్యాయస్థానము తీర్మానించినది. ఆ వ్యాజ్యెము తెచ్చినవాడు, బొంబాయి వైద్యకళాశాలలో చేరగోరిన ఆంధ్రదేశపు విద్యార్థి! మనవాని కచట కాదన్న న్యాయమే వీరి కిచట కాదనుచున్నది.

మఱియొక విశేషము. మన రాష్ట్రపు పట్టికలో కోయల శాఖల నడుమ "గుట్ట కోయ" అను పేరున్నది. "గొత్తి కోయ" లేదు. ఒకరు గొత్తి యని, ఒకరు గుత్తి యని వ్రాయుదురు. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన నేను అక్షరభేదము వలన అర్థభేదము కలుగునని పిల్లలకు చెప్పితిని గాని, అన్నభేదము కలుగునని యెన్నడు ననుకొనలేదు.

అటవీహక్కుల చట్టము 2006లో వచ్చినది. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందు పునరావాసము లేక అక్రమముగా వెడలగొట్టబడిన అడవివాసులకు ప్రత్యామ్నాయభూమి పొందు హక్కును అందలి 3(1)(ఎమ్) అను నిబంధన చెప్పుచున్నది. జూన్‌లో పారిపోయినవానికి తీరము కలదు, మఱుచటి జనవరిలో పారిపోయినవానికి లేదు. ఎవ డెప్పుడు పారిపోయెనో వ్రాసిపెట్టినవారును లేరు.

ఈ నేలవారి పక్షమును చెప్పక విడుచుట న్యాయము కాదు. అడవి నరకి పోడు కొట్టుటవలన అటవీశాఖకును, స్థానిక కోయలకును వీరితో వైరము గలదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలపు జలగలంచ గూడెమును అధికారులు కూలద్రోసిరి. అక్టోబరులో ఉన్నతన్యాయస్థానము అట్లు చేయరాదని యాజ్ఞాపించినది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని ఎఱ్ఱబోడు దాపున అటవీక్షేత్రాధికారి శ్రీనివాసరావుగారు గొత్తికోయల చేత చంపబడిరి. అది ఘోరము. పిమ్మట బెండాలపాడు పంచాయతి గూడెమువారినందఱను ఛత్తీస్‌గఢ్‌నకు పంపవలెనని తీర్మానించినది. చంపినవారిని చట్టము శిక్షింపవలసినదే. నడుము వంగిన యవ్వను ఏ నేరమునకు పంపుదురో నాకు బోధపడలేదు.

మన పూర్వులు ఇట్టివారి నెట్లు చూచిరి? రుద్రమదేవి కాలమున 1261లో వెలసిన మల్కాపురపు శాసనము గుంటూరుసీమలో నున్నది. విశ్వేశ్వరశంభువను శైవాచార్యుడు అచట ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, అన్నసత్రమును నెలకొల్పెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు ఎవరు వచ్చినను, ఏ వేళ వచ్చినను అన్నము పెట్టవలెనని యం దున్నది. ఊరేది, పేరేది యని యడుగుమని లేదు. ఇంతమాత్రమున ఆ కాలము స్వర్ణయుగమని నేననను. ఆ సత్రము పల్లపుసీమలోనిది, మన్నెపు కోయ కది యెంతదూరము! సమ్మక్క కథను నమ్మిన, కాకతిరాజు పన్నుకొఱకు కోయలపై కత్తి నెత్తినవాడే. ఆ సమ్మక్క గద్దె యున్న మేడారమును, కూలిన జలగలంచయు ఒక్క మండలములోనివే. రెండేండ్ల కొకసారి మాఘమాసపు జాతరకు ఛత్తీస్‌గఢ్ జనులు వత్తురు, బెల్లము సమర్పింతురు. ఆ దినములలో ఎవనిని ఎవ్వరును చీటి యడుగరు.

ఈ బాధ తెలుగువారికి క్రొత్త కాదు. మనవారు రేవులలో బరువులెత్తుటకు బర్మాకు పోయి, అచట కొరంగీలనబడి, తరములు గడిపిరి. 1942లో యుద్ధము తరిమినది. 1964లో అచటి ప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా వేలమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని కలదు. ఉండిపోయినవారికి 1982 నాటి పౌరసత్వచట్టము అడ్డువచ్చినది. 1823కు ముందునుండి ఆ దేశమున నున్న జాతులవారే పుట్టుపౌరులని దాని కట్టడి. అచట గడువు 1823, ఇచట 2005 డిసెంబరు 13.

2022 జూలైలో ఓరుగల్లున కాకతీయ వైభవ సప్తాహము జరిగినది. అన్నమదేవుని వంశీయుడైన కమలచంద్ర భంజదేవుగారిని బస్తరునుండి రప్పించి, వాద్యములతో నెదుర్కొని సత్కరించిరి. చక్కని పని, నాకును సంతోషము కలిగినది. ఏడువందల యేండ్ల క్రిందట పోయినవాని మనుమని మనవాడని గుర్తుపట్టితిమి. ఆ వంశము నేలిన జనులలోని ముసలివారు ఆ సభాస్థలమునకు నూఱు మైళ్ల లోపలనే ఆకుల కప్పుక్రింద నుండిరి.

చేయదగినది దుర్ఘటమైనది కాదు. 2019లో జాతీయ షెడ్యూల్డు తెగల కమిషను ఈ నిర్వాసితుల లెక్క తీయవలసినదని రాష్ట్రములను కోరినది. ఆ లెక్కలో అఱువదేండ్లు దాటినవారిని వేఱుగా వ్రాసికొనవచ్చును. స్వగ్రామము పేరు, కులపెద్ద పేరు కనుగొని బీజాపూరు, సుకుమా జిల్లాధికారులకు పంపిన, తెగ నిర్ధారణ వారు చేయగలరు. వయస్సును రాజును చంపిన యేటిని బట్టియో, వైద్యుని బట్టియో నిర్ణయింపవచ్చును. వ్రేలిముద్ర పడనివానికి కంటిపాప ముద్ర గలదు. అంతవఱకు అంగన్‌వాడీ యున్న గూడెములలో పిల్లలకు వండు పొయ్యిమీదనే వృద్ధులకును గుప్పెడు బియ్యము ఎక్కువ వేయవచ్చును. కోయభాష వచ్చిన ఉపాధ్యాయు డొకడు, గుమాస్తా యొకడు చాలుదురు. పోవలసిన దినములు మాత్రము మిరపకోత ముగిసి వానలు పడకముందు, మే నెలలో. అప్పుడు కొడుకులు ఇంటనుందురు, వాగులు దాటుటకు వీలుగా నుండును.