గాస్నర్, మెస్మర్: హిప్నాటిజం పుట్టుకలో ఒక స్వస్థత ప్రశ్న

1774-75లో దక్షిణ జర్మనీలో యోహాన్ జోసెఫ్ గాస్నర్ అనే కథోలిక యాజకుడు యేసు నామమున దయ్యములను వెళ్లగొట్టుచున్నాడని వేలాదిమంది ఆయన యొద్దకు చేరారు. ఆయన ఆజ్ఞాపిస్తే రోగికి మూర్ఛ వచ్చేది. మరల ఆజ్ఞాపిస్తే పోయేది. 1775లో బవేరియా పాలకుడు వియన్నా వైద్యుడైన ఫ్రాంజ్ మెస్మర్‌ను మ్యూనిక్‌కు పిలిపించాడు. మెస్మర్ దేవుని నామమెత్తకుండానే, వేలితో తాకి, అటువంటి మూర్ఛలనే రప్పించి పోగొట్టాడు. గాస్నర్ మోసగాడు కాడనీ, తనకు తెలియకుండానే 'జీవ అయస్కాంత శక్తి'ని వాడుచున్నాడనీ ఆయన అభిప్రాయం. ఇది గాస్నర్ ప్రార్థనను అబద్ధమని ఋజువు చేయలేదని మేము తలంచుచున్నాము. అయితే రోగి పడిపోవుట ఒక్కటే ఆత్మ కార్యమునకు చాలిన సాక్ష్యం కాదని అది తేటపరచింది. స్వస్థత కూటములు నడిపించే సేవకులు ఈ భేదమును తేలికగా దాటిపోలేరు.

మెస్మర్ చెప్పిన శక్తి కూడా నిలువలేదు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన విచారణ సంఘం, పారిస్ సమీపాన బెంజమిన్ ఫ్రాంక్లిన్ నివసించిన చోటి తోటలో, 12 ఏళ్ల బాలునికి కళ్లకు గంతలు కట్టి నడిపించింది. శక్తి ఎక్కించిన చెట్టు వేరొకటి. వాడు మామూలు చెట్టు దగ్గరే సొమ్మసిల్లాడు. పని చేసినది ఊహయేనని సంఘం తేల్చింది.

మాంచెస్టర్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1843 నాటి గ్రంథంతో, నిద్ర అను అర్థమిచ్చే గ్రీకు మాట 'హిప్నోస్' నుండి వచ్చిన 'హిప్నాటిజం' అను పేరును వ్యాప్తి చేశాడు. నిజానికిది నిద్ర కాదు. ధ్యాస ఒక్కచోట నిలిచి, చెప్పిన మాట జరుగునన్న ఎదురుచూపు బలపడినప్పుడు శరీరం దానికి లోబడుతుంది. బ్రెయిడ్ కూడా దీనిని గ్రహించి, 1847లో ఒకే తలంపును సూచించే 'మోనోఐడియిజం' అను పేరు పెట్టచూశాడు. కాని పాత పేరే నిలిచిపోయింది.