మోకాట్లో నెలవంక

మోకాలి నొప్పితో ఎవరు ఎంఆర్ఐ తీయించుకొచ్చినా ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘గుజ్జు అరిగిపోయిందట’. మామిడిపండులోనో చింతపండులోనో ఉండాల్సిన ఈ గుజ్జు మోకాట్లో రెండు వేర్వేరు వాటికి పేరైపోయింది. ఎముకల కొసల్ని కప్పి ఉండే నున్నటి మృదులాస్థి ఒకటి. తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ నడుమ ఒదిగి బరువు మోసే రెండు వంపు బిళ్లలు మరొకటి. ఆ బిళ్లే మెనిస్కస్. గ్రీకులో ‘మేనే’ అంటే చంద్రుడు, ‘మెనిస్కోస్’ అంటే చిన్న చంద్రుడు. అచ్చంగా మన నెలవంక. గాజు గొట్టంలో నీటి పైభాగం వంపుకీ ఫిజిక్సు పాఠంలో ఇదే పేరు. మృదులాస్థి అరుగుతుంది, నెలవంక చిరుగుతుంది. రిపోర్టులో ‘టియర్’ అని ఉన్నదాన్ని అరుగుదల అని చదివేస్తే తిరకాసే. అలాగని రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. మెనిస్కస్ తీసేసిన మోకాళ్లలో తర్వాత వచ్చే అరుగుదల మార్పుల్ని ఎముకల వైద్యుడు ఫెయిర్‌బ్యాంక్ 1948లోనే ఎక్స్‌రేల్లో చూపించాడు. అరిగిన మోకాట్లో చిరుగు కనిపించడమూ మామూలే. కానీ చిరుగు కనబడగానే నొప్పంతా దాని ఖాతాలో వేయడానికి లేదు: అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ల వయసున్న 991 మందికి ఎంఆర్ఐ తీసిన అధ్యయనం 2008లో వెలువడింది, చిరుగున్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు.