పాత పికప్ బండిని ట్రాలీ మీద ఇంటికి తెచ్చుకునే రైతులకు సూచనలు



గుడుపల్లె, కుప్పం, వి.కోట ప్రాంతాల్లో టమోటా పెట్టెలకు, పట్టుగూళ్లకు, పశుగ్రాసానికి ప్రతిసారీ బాడుగ ఇచ్చుకోలేక చాలామంది చిన్న రైతులు సొంతానికి ఒక పాత పికప్ ఉంటే బాగుంటుందని చూస్తున్నారు. కేజీఎఫ్, బంగారుపేట, క్రిష్ణగిరి వైపు ఏళ్ల తరబడి చెట్టు కింద నిలిపేసిన పాత జీపు పికప్‌లు, టాటా 207లు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. అవి నడవవు. ఊళ్లో ఒక ట్రాక్టరు ట్రాలీని బాడుగకు మాట్లాడి, నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి ఎక్కించుకొస్తారు. వ్యవసాయ అధికారికి ఈ విషయంతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఒక పంట డబ్బు మొత్తం పెట్టి కొన్న బండి కాగితాల్లేక దొడ్డిలో తుప్పు పడితే, లేదా దించేటప్పుడు మనిషి కాలు దాని కింద పడితే, ఆ దెబ్బ వచ్చే పంట మీదే పడుతుంది.

బయానా ఇచ్చే ముందు

ముందు ఆర్‌సీ చూడండి. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో అక్షరం తప్పకుండా సరిపోవాలి. తుప్పు పట్టి నంబరు కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడండి. గ్రైండర్‌తో అరగదీసిన గుర్తు ఉంటే ఆ బేరం వదిలేయండి. బండి పొరుగు రాష్ట్రంలో రిజిస్టర్ అయ్యుంటే అమ్మేవారు అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెప్పించాలి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. ఫైనాన్స్ ఉన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫారం 35 కూడా కావాలి. పాత చేతిరాత ఆర్‌సీల వివరాలు చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కి ఉండవు. నంబరు కొడితే ఎంపరివాహన్ యాప్‌లో రాకపోతే, ఆ వివరాలు ఎక్కించే పని అమ్మేవారి చేతే, అక్కడి ఆర్‌టీఓ కార్యాలయంలోనే చేయించండి. బండి మీ ఇంటికి వచ్చాక ఆయన మీ ఫోను ఎత్తుతారని నమ్మకం లేదు.

సరుకు రవాణా బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా రోడ్డు మీద నడవడానికి వీల్లేదు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా చేయించాలి. 15 ఏళ్లు దాటిన వాటికి ఈ రుసుములు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. ఇప్పుడెంత ఉందో మీ ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి, బండి ధర, ట్రాలీ బాడుగ, మెకానిక్ ఖర్చు, టైర్లు, బీమా అన్నీ ఒక కాగితం మీద కూడండి. ఆ మొత్తంతో రెండు మూడు సీజన్ల బాడుగ గడిచిపోతుందంటే కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. అయితే చాలామంది పర్మిట్ లేదంటే ఫిట్‌నెస్ కూడా అక్కర్లేదనుకుంటున్నారు. ఈ రెండూ వేరు.

ఇంకొక మాట. కొందరు దళారులు “ఇది వింటేజ్ బండి, దీనికి రూల్స్ వేరే” అని ధర పెంచుతున్నారు. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని, సొంత వాడకపు వాహనాలకు మాత్రమే. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి 20,000 రూపాయలు కట్టాలి. పైగా అలాంటి బండిని రోజువారీ పనికి, వ్యాపారానికి రోడ్డు మీద తిప్పకూడదు. టమోటా వేసుకెళ్లే రైతుకు ఆ హోదాతో ఒరిగేదేమీ లేదు.

ఏ బండి మీద తేవాలి

వించ్ ఉన్న రికవరీ బండి దొరికితే అదే మాట్లాడుకోండి. బాడుగ కొంచెం ఎక్కువైనా, ఎక్కించడం, దించడం, కట్టడం అంతా దాని పనే. వ్యవసాయానికని రిజిస్టర్ అయిన ట్రాలీని బాడుగకు తిప్పినప్పుడు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ నష్టపరిహారానికి అడ్డం తిరుగుతుంది. అప్పుడు ట్రాక్టరు యజమాని, మీరు ఇద్దరూ కోర్టు చుట్టూ తిరగాలి. తాడు కట్టి లాక్కొస్తామంటే, బ్రేకు లేని బండిని అంత దూరం లాగడం ప్రాణాలతో ఆట. దగ్గరి మెకానిక్ షెడ్డు వరకు తప్ప అలా లాగకండి. అప్పుడు కూడా రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు దాటకూడదు, వెనక బండిలో లైసెన్సు ఉన్న మనిషి స్టీరింగ్ పట్టుకుని ఉండాలి.

ట్రాలీయే గతి అయితే, బాడుగ మాట్లాడేటప్పుడే ఎక్కించే మనుషుల కూలి, వెయిటింగ్, టోల్ ఎవరివో, దారిలో టైరు పోతే ఎవరు భరించాలో తేల్చుకోండి. ట్రాలీ టైర్లు, హిచ్ పిన్ను, దానికి వేసే లాక్, వెనక రిఫ్లెక్టర్లు మీ కళ్లతో చూడండి. ఆర్‌సీలో రాసిన బండి ఖాళీ బరువును ట్రాలీ సామర్థ్యంతో పోల్చుకోండి.

ఎక్కించడం

నిలిపేసిన బండిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడండి. బానెట్ కింద, సీటు వెనక పాములు, కందిరీగలు ఉండటం మామూలే. టైర్లలో గాలి నింపండి. స్టీరింగ్ తిరుగుతోందా, చక్రాలు పట్టేశాయా చూసుకోండి. బ్యాటరీ తీసేయండి. చక్రాలకు, కింద అంటుకున్న మట్టిని అక్కడే కడిగేయండి. వయ్యారిభామ విత్తనాలు ఆ మట్టితోనే మన కయ్యల్లోకి వస్తాయి.

ట్రాలీని ట్రాక్టరుకు తగిలించకుండా ఎప్పుడూ ఎక్కించవద్దు. రెండు చక్రాల ట్రాలీ తోక మీద బరువు పడగానే ముందు భాగం ఒక్కసారిగా పైకి లేస్తుంది. తగిలించి ఉన్నా ట్రాక్టరు వెనక చక్రాలు తేలిపోతాయి. అందుకే ట్రాలీ తోక కింద రెండు వైపులా గట్టి దిమ్మెలు పెట్టి, ట్రాలీ చక్రాలకు కూడా ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ట్రాలీ ఎత్తుకు సరిపోయే గట్టు దొరికితే అక్కడికి వెనక్కి పెట్టుకోవడం అన్నిటికంటే సులువు. గట్టు దొరక్కపోతే ఇనుప చానళ్లు వాడండి. అవి ఎంత పొడవుంటే అంత మంచిది, పొట్టిగా ఉంటే వాలు నిటారుగా అవుతుంది. చానళ్ల పై కొసలు ట్రాలీకి కట్టేయాలి, లేకపోతే చక్రం ఎక్కగానే వెనక్కి జారతాయి.

మనుషులు వెనక నుంచి తోయడం మాన్పించండి. ముందు నుంచి చైన్ పుల్లీతో లాగండి. ఒక మనిషి పక్కన నిలబడి, బండి అడుగు జరిగిన ప్రతిసారీ చక్రం వెనక దిమ్మె జరుపుతూ రావాలి. గొలుసు తెగితే బండి ఎటు వస్తుందో ఆ దారిలో ఎవరూ ఉండకూడదు, పిల్లలు అసలే వద్దు.

ఇంజిన్ ఉన్న వైపు బరువు ఎక్కువ. బండిని ముందుకు మొహం పెట్టి, బరువు ట్రాలీ ఇరుసుకు కొంచెం ముందు పడేలా నిలపండి. బరువు వెనక్కి పోతే ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది. మరీ ముందుకు పోతే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగ్ పట్టదు. మొదటి గేరులో వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, నాలుగు చక్రాలకూ దిమ్మెలు కొట్టి కట్టండి. కట్టడానికి రాచెట్ బెల్టులు లేదా గొలుసులు వాడండి. నైలాన్ తాడు దారిలో సాగుతుంది. ముందు రెండు, వెనక రెండు, ఏ మూలకు ఆ మూల ఇరుసుకో ఛాసిస్‌కో వేయండి. బంపరుకు వేస్తే పాత బంపరు ఊడి వస్తుంది. బ్రేకు పైపుల మీద గొలుసు పడకుండా చూడండి. బానెట్, తలుపులు తీగతో కట్టండి. హైడ్రాలిక్ ట్రాలీ అయితే దాని లివరును ఎవరూ ముట్టకుండా చూసుకోండి.

దారిలో

పొలంలో దున్నేటప్పుడు విడదీసి వాడే ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లనూ రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చేయాలి. ఇది మరిచి ఒక్క పెడల్ తొక్కితే ట్రాక్టరు పక్కకు తిరిగి, ట్రాలీ దాని మీదికి మడుచుకొస్తుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. వెనక ఉన్న బరువంతా ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. దిగువలో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం మన డ్రైవర్లలో చాలామందికి అలవాటు. ఎక్కేటప్పుడు ఏ గేరు కావాలో దిగేటప్పుడూ అదే గేరు వేయించండి.

ఎక్కించిన అయిదు కిలోమీటర్లకు ఒకసారి ఆగి బెల్టులు బిగించండి, ఆ తర్వాత ప్రతి అరగంటకూ చూడండి. ఎక్కించిన బండిలో గానీ, ట్రాలీ మీద గానీ ఎవరినీ కూర్చోనివ్వకండి. ఊరి లోపల కిందికి వేలాడే కరెంటు తీగలు ఉంటాయి, బయలుదేరే ముందే మొత్తం ఎత్తు కొలుచుకోండి. పగలే ప్రయాణం పెట్టుకోండి. పలమనేరు, కుప్పం అడవి పక్క దారుల్లో రాత్రిపూట ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. వేగంగా వెనక్కి తిప్పుకోలేని ట్రాలీతో వాటికి ఎదురు పడకూడదు.

ఇంటికి చేరాక

దించేటప్పుడు చాలామంది అలసిపోయి తొందరపడతారు. వెలుతురు లేకపోతే బండిని ట్రాలీ మీదే ఉంచి, దించే పని పొద్దున్నే పెట్టుకోండి. దించేటప్పుడు కూడా తోక కింద దిమ్మెలు ఉండాలి, చైన్ పుల్లీని బండికి ముందు వైపే బిగించి కొద్దికొద్దిగా వదలాలి. పాత డీజిల్ తీసి, ఆయిల్ మార్చి, బ్రేకు పైపులు మెకానిక్ చూసేదాకా తాళం తిప్పవద్దు. కొన్న 14 రోజుల్లో బీమా మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో ఆర్‌టీఓకు కాగితాలు ఇవ్వండి. మీకున్నది కారు లైసెన్సే అయినా 7,500 కిలోల లోపు సరుకు బండిని నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, దాని కోసం దళారికి డబ్బు ఇవ్వనక్కర్లేదు.