హైదరాబాదు క్లోరోఫాం కమిషన్: సున్నా చెప్పని సంగతి

గార్ల నుండి కాజీపేట వైపు రైలెక్కితే కొద్దిసేపటికే మహబూబాబాద్ వస్తుంది. మనవాళ్లకు అది నేటికీ మానుకోటే. మహబూబాబాద్ అన్న పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చిందని చెబుతారు. ఆ ప్రభువు ధనసహాయంతో హైదరాబాదులో ఒక వైద్యపరిశోధన జరిగింది. వైద్యవిద్యార్థులకు గణాంకశాస్త్రపు తొలిపాఠం చెప్పవలసి వస్తే నేను దానినే ఎంచుకుంటాను.

1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను శస్త్రచికిత్సకు మత్తుగా వాడుకలోకి తెచ్చారు. మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయించుకుంటూ ఆ మత్తులో మరణించింది. అటువంటి మరణాలు అరుదే, కాని ఆగలేదు. ముందుగా ఆగేది ఊపిరా, గుండెయా? ఊపిరే అయితే దానిని గమనిస్తూ మత్తు ఇస్తే చాలు. గుండె అయితే హెచ్చరిక లేకుండానే ప్రాణం పోవచ్చు.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది మొదటి పక్షం. 1888లో ఆయన నడిపిన కమిషన్ ఆ మాటే చెప్పింది. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు నిజాము 1000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రికనే ఒక నిపుణుని పంపమన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చారు. మత్తువైద్యం చేసిన తొలి భారతీయ స్త్రీలలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ కూడా ఈ పనిలో పాల్గొన్నారు. ఆమెను గురించి వేరుగా వ్రాయవలసి ఉంది. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులపై ప్రయోగించామనీ, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదనీ బ్రంటన్ లండనుకు తంతి పంపారు.

490లో సున్నా. వినడానికి గట్టి సాక్ష్యమే. మీరే ఒక లెక్క వేసి చూడండి. గుండె ముందుగా ఆగే ప్రమాదం 3000 మందిలో ఒకరికి ఉందనుకుందాం. అప్పుడు 490 సార్లు మత్తిచ్చినా ఒక్కసారైనా అది కనబడకపోయే అవకాశం నూటికి 85 పాళ్లు! ఇటువంటి సున్నాలకు సులువైన సూత్రం ఒకటి ఉంది: మూడును పరిశీలించిన సంఖ్యతో భాగించాలి. 490కి వచ్చేది సుమారు 163లో ఒకటి. ప్రమాదం అంతకన్న ఎక్కువ కాదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అసలు లేదని చెప్పలేము. 150 మందికి ఇస్తే ఎవరికీ హాని కలగలేదని ప్రకటించే మందుకు ఇదే లెక్క వేయండి. 50 మందిలో ఒకరికి హాని కలిగే అవకాశాన్ని కూడా ఆ సున్నా తోసిపుచ్చలేదు.

మరి సంఖ్య పెంచితే చాలునా? చాలదు. 1911లో ఏ.జి. లెవీ పిల్లులపై ప్రయోగించి ఒక సంగతి బయటపెట్టారు. క్లోరోఫాం మత్తు పలుచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ రక్తంలో చేరితే, గుండె కండరం క్రమం తప్పి అదిరి, హఠాత్తుగా ఆగిపోగలదు. భయపడినప్పుడు మన శరీరం విడుదల చేసేది ఆ అడ్రినలిన్‌నే. హైదరాబాదు ప్రయోగాలలో అనేకం మత్తును ప్రాణం పోయేవరకు పెంచుతూ పోయినవి. అటువంటివి వేలసార్లు చేసినా, బల్లమీద వణుకుతూ పడుకున్న రోగికి అవి సరైన నమూనా కావు.

హానా గ్రీనర్ మరణకారణంపై వైద్యులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ బాలిక భయపడుతూనే మత్తు పీల్చిందనీ, కొద్ది నిమిషాలలోనే ప్రాణం విడిచిందనీ మాత్రం నాటి వివరాలు చెబుతున్నాయి.